మోటార్‌హోమ్ వెనుక ట్రైక్ ట్రైలర్

అమెరికాలో మోటార్‌హోమ్‌లో (నివాస వసతులున్న వాహనంలో) తిరిగే ప్రయాణికులు ట్రైక్‌ను, అంటే మూడు చక్రాల మోటార్‌సైకిల్‌ను, వెంట తీసుకెళ్లడానికి వాడే లాగుడు బండే ట్రైక్ ట్రైలర్. ఎంపికలో మొదట చూడవలసింది వెడల్పు. హార్లే-డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్ వెడల్పు దాదాపు 1.4 మీటర్లు, బరువు సుమారు 560 కిలోలు. రెండు చక్రాల బండి కోసం చేసిన సన్నని ర్యాంప్, ముందు చక్రాన్ని బిగించే గాడి దీనికి చాలవు. ట్రైలర్ నేల మొత్తం వెడల్పుకూ సరిపడే ర్యాంప్ కావాలి. అది పొడవుగా, వాలు తక్కువగా ఉండాలి, లేకుంటే ట్రైక్ అడుగుభాగం అంచుకు రాసుకుంటుంది.

బరువు లెక్క అన్నిటికన్నా ముఖ్యం. ట్రైలర్, ట్రైక్, సామాను కలిపిన బరువు హిచ్ (మోటార్‌హోమ్‌కు ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) సామర్థ్యాన్ని మించకూడదు. మోటార్‌హోమ్‌తో కలిపిన మొత్తం తయారీదారు విధించిన పరిమితిలో ఉండాలి. ట్రైక్, సామానుతో కలిపిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్‌పై పడాలి. అంతకు తగ్గితే ట్రైలర్ అటూఇటూ ఊగుతుంది, వేగంలో అది నిజంగా ప్రమాదకరం. అందుకే ట్రైక్‌ను ముందుకూ వెనక్కూ జరిపి సరైన చోట కట్టే వీలుండాలి. చాలా రాష్ట్రాల్లో సుమారు 1,360 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. అంతకన్నా తేలికైన వాటికీ ఉండటమే మేలు.

తెరిచి ఉన్న ట్రైలర్ తేలిక, చవక. మూసిన ట్రైలర్ వాననుంచి, దొంగలనుంచి కాపాడుతుంది, కానీ బరువెక్కువ. పొట్టి ట్రైలర్ డ్రైవరుకు కనిపించదు, వెనక్కు నడిపేటప్పుడు చటుక్కున పక్కకు తిరిగిపోతుంది కాబట్టి వెనుక కెమెరా అవసరం.