గట్టు మీద నిలబడ్డవాడికి ఆపే హక్కు ఉందా?



పోయిన భాగంలో సాగర్ కుడి కాలువ గురించి రాశాను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లొచ్చాక మా నకరికల్లు వైపు పత్తి, మిరప పెరిగాయి. వాటి వెనకే పురుగుమందు వచ్చింది. ఈ భాగం ఆ మందు కొట్టిన చేతుల గురించి.

మా నాయన మందు కొట్టేవాడు. వీపు మీద డబ్బా, మూతికి తుండుగుడ్డ, కాళ్లకు చెప్పుల్లేవు. ఆసామి గట్టు మీద నిలబడి చూసేవాడు. సాయంత్రం నాయన ఇంటికొస్తే ఒళ్లు కడుక్కునేదాకా అమ్మ మమ్మల్ని దగ్గరికి పోనిచ్చేది కాదు. కొన్ని రాత్రులు వాంతులు చేసుకునేవాడు. గాలి ఎదురుగా ఉన్నా సరే, "ఈ పూట కొట్టనండీ" అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. అంటే రేపు పనికి పిలవరు.

1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు చరిత్రకెక్కాయి. ఎక్కాల్సిందే. కానీ ఆ దోమ మీద మందు మీద మందు కొట్టి చేలోనే కళ్లు తిరిగి పడిపోయిన కూలీల పేర్లు ఆ చరిత్రలో వెతకండి. దొరకవు. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. అప్పటికి మా పల్లెల్లో ఒక తరం దాన్ని పీల్చేసింది. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోతే గానీ దేశం ఈ సంగతి మాట్లాడలేదు.

ఇప్పుడు డ్రోన్ వచ్చింది. పోయిన సీజన్‌లో మా ఊరి పక్క మిరప చేలో చూశాను. రిమోట్ పట్టుకుని గట్టు మీద నిలబడింది మా పల్లె కుర్రాడే. తెర మీద చేను హద్దులు గుర్తుపెట్టాడు. ఆ తర్వాత డ్రోన్ తనంతట తానే సాళ్ల మీదుగా పోయి వస్తోంది, మందు అయిపోతే తిరిగొచ్చి దిగుతోంది. కుర్రాడి పనల్లా చూస్తూ ఉండటం, తేడా వస్తే ఆపటం.

నిజం చెప్తున్నా, సంతోషపడ్డాను. డబ్బా మా వీపు మీంచి దిగింది. మావాడు గట్టెక్కాడు.

అంతలో గాలి మారింది. పక్క చేలో మా ఆడవాళ్లు కాయలు కోస్తున్నారు. "తమ్ముడూ, ఆపవా?" అన్నాను. "ఆపితే ఎకరాలు తగ్గుద్దన్నా, ఓనరు ఊరుకోడు" అన్నాడు. డ్రోన్ ఎవరిదో. ఈ పిల్లాడికి ఎకరానికింత అని కూలి. బటన్ చేతిలో ఉంది, నొక్కే హక్కు లేదు. మా నాయన నోట రాని మాటే మళ్లీ.

ఇది మన పల్నాడు కథ మాత్రమే కాదు. 2018 మార్చి 18న అమెరికాలోని టెంపీ నగరంలో ఉబర్ వాళ్ల డ్రైవర్‌లేని కారు పరీక్షలో ఉండగా, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఎలైన్ హెర్జ్‌బర్గ్ అనే మహిళను గుద్ది చంపింది. కారును గమనిస్తూ ఉండటానికి సీట్లో ఒక ఉద్యోగిని ఉంది. ఆమె రోడ్డు మీద చూపు పెట్టలేదన్నది నిజమే. కానీ కంపెనీలో భద్రత పట్టింపు సరిగా లేదని ప్రభుత్వ దర్యాప్తు సంస్థ కూడా తేల్చింది. చివరికేమైంది? 2019లో కంపెనీకి నేర బాధ్యత లేదన్నారు. 2020లో ఉద్యోగిని మీద కేసు పెట్టారు. 2023లో ఆమె నేరం ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

కారు గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లను కాపాడటానికి ముందుభాగం నలిగిపోతుంది కదా, యంత్రం తప్పు చేసినప్పుడు పెద్దవాళ్లను కాపాడటానికి పక్కనున్న చిన్న మనిషి అలా నలిగిపోతాడని మేడలిన్ క్లేర్ ఎలిష్ అనే పరిశోధకురాలు రాసింది. తప్పు ఎప్పుడూ పల్లం వైపే పారుతుందని మన పెద్దోళ్లకు ఏ పరిశోధనా లేకుండానే తెలుసు.

విద్యార్థి మిత్రులు ఈ కింది సంగతులు గుర్తుపెట్టుకోండి. 2021 ఆగస్టు 25న డ్రోన్ నియమాలు వచ్చాయి. చేలో మందు కొట్టే డ్రోన్ ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. ప్రతి డ్రోన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని వల్ల మూడోవాళ్లకు జరిగే నష్టానికి బీమా ఉండాలి. ఆ మూడోవాళ్లు ఎవరనుకున్నారు? పక్క చేలో కాయలు కోసే మా అక్కలే. 2021 డిసెంబర్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ డ్రోన్‌తో మందు కొట్టటానికి విడిగా పద్ధతులు కూడా ప్రకటించింది. మన మండలంలో అవి ఎన్ని చేలల్లో అమలవుతున్నాయో గ్రామసభలో అడగండి.

2023 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నారు. ధరలో 80 శాతం, 8 లక్షల దాకా సాయం. 15 రోజుల శిక్షణ. అందులో పల్లెలోని సంఘాలు ఎన్ని, ఊళ్లోవి ఎన్ని? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

2024 అక్టోబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తే అందరం ఫోన్లలో చూసి మురిసిపోయాం. మురవండి, తప్పులేదు. కానీ యంత్రం పక్కన మనిషి కాపలా ఉన్నాడని ఎవరైనా చెప్తే ఒక్క ప్రశ్న వేయండి: ఆపితే అతని కూలి పోతుందా? పోతుందంటే అక్కడ కాపలా లేనట్టే. గాలి మారినప్పుడు ఆపినా ఆ పూట కూలి ఇవ్వాలని మన కూలీ సంఘాలు రాతపూర్వకంగా అడగాలి.

ఆ రోజు డ్రోన్ ఆగలేదు. నేనే పక్క చేలోకి పరిగెత్తి అక్కల్ని అవతలి గట్టుకు పంపాను. ప్రతిసారీ ఎవరో ఒకరు పరిగెత్తలేరు కదా.

వచ్చే భాగంలో మళ్లీ కలుద్దాం. జై భీమ్.