పుదుచ్చేరి కొలువు విందులు

విందును వినోదమును ఒక్కచోట కూర్చుట రాజుల కాలమునుండి వచ్చుచున్న ఆచారము. బంతులు సాగుచుండగా పాటయు, ఆటయు, సాముగరిడీలును నడిపించుట ప్రభువుల పెట్టుపోతలలో ఒక భాగముగా నుండెడిది. నేడు స్పెయిన్, అమెరికా మున్నగు దేశములలో కొందరు వ్యాపారులు మధ్యయుగపు కోటలను పోలిన శాలలు నిర్మించి, రుసుము పుచ్చుకొని, కుటుంబములకు భోజనము వడ్డించుచు కవచధారుల పోరాటములు చూపుచున్నారు. అది వేషమని చూచువారికిని తెలియును, ఆడువారికిని తెలియును. పదునెనిమిదవ శతాబ్దమున పుదుచ్చేరిలో ఒక వర్తక సంఘము ఇట్టి కొలువులనే తీర్చినది. కాని అచట వేషమెంతవరకో, వాస్తవమెంతవరకో పాత్రధారులకే తెలియక పోయినది.

ఆ కథకు నాంది 1740లో జరిగెను. ఆ సంవత్సరము మే 20వ తేదీన పాకాల సమీపమునందలి దామలచెరువు కనుమలో, రఘోజీ భోంస్లే నాయకత్వమున వచ్చిన మరాఠా సేనలతో పోరి ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ హతుడయ్యెను. కొలదిదినములలోనే నవాబు భార్య పిల్లలతోను, పరివారముతోను పుదుచ్చేరి కోట వాకిట నిలిచినది. గవర్నరు డ్యూమా తలుపులు తెరపించి, ఫిరంగులు మ్రోగించి, రాచమర్యాదలతో ఆ కుటుంబమును లోనికి తోడ్కొనిపోయెను. దోస్త్ అలీ అల్లుడైన చందా సాహెబు భార్యకును అచటనే ఆశ్రయము దొరకినది.

శరణాగతులను అప్పగింపుమని రఘోజీ వర్తమానము పంపగా డ్యూమా అంగీకరింపలేదు. అయితే వచ్చిన దూతను ఆదరించి, పోవునపుడు కొన్ని సీసాల మధుర మద్యమును కానుకగా నిచ్చెననియు, అది రఘోజీ అంతఃపురమునకు మిక్కిలి రుచించుటచే మరికొన్ని సీసాలకై కబురు వచ్చెననియు, దానితో పంతము సడలెననియు చరిత్రకారులు చెప్పుదురు. కోటగోడల బలమును, తెల్లదొరల ఫిరంగులను కూడ లెక్కింపవలసినదే. అయినను విందుమర్యాద సైతము ఆయుధమేనని ఆ నగరము నేర్చుకొన్నది. ఆశ్రయమిచ్చినందులకు ప్రతిఫలముగా ఢిల్లీ పాదుషా డ్యూమాకు నవాబు బిరుదమును, 4,500 గుఱ్ఱముల మన్సబును ప్రసాదించెను. ఆ గౌరవము అతని తరువాత వచ్చు గవర్నరులకును చెల్లునట్లు ఏర్పాటయ్యెను. మిరియములును బట్టలును కొనవచ్చిన సంఘపు ఉద్యోగి ఆనాటినుండి మొగలాయి అమీరుల వరుసలో నిలిచెను.

1742లో గవర్నరైన డూప్లే ఈ వేషమును మిక్కిలి ప్రీతితో ధరించెను. పుదుచ్చేరిలోనే పుట్టి, తమిళమెఱిగిన అతని భార్య జాన్ అందులకు కుడిభుజమయ్యెను. ఆ కొలువులకు సాక్షి ఆనందరంగ పిళ్ళె. 1709లో జన్మించిన యీతడు వర్తకుడు, డూప్లేకు దుబాసీ. 1736 మొదలుకొని తమిళమున వ్రాసికొన్న దినచర్యలో ఎవరికెన్ని ఫిరంగులు మ్రోగినవో, ఎవరెంత నజరానా సమర్పించిరో, తాంబూలమును పన్నీరును ఎవరికి ముందు అందినవో శ్రద్ధతో గుర్తించెను. అందొక వర్తకుని చూపు కలదు. మర్యాద అతనికి అలంకారము కాదు, జమాఖర్చు. ఒక ఫిరంగి తక్కువ మ్రోగిన, ఒకని పలుకుబడి అంతమేరకు తరిగినట్లే.

కొలువు పరాకాష్ఠ నందినది 1750 డిసెంబరులో. జింజీ సమీపమున నిజాము నాసిర్ జంగు తన సామంతులగు పఠాను నవాబుల కుట్రలో చంపబడగా, అంతవరకు బందీగా నున్న మేనల్లుడు ముజఫర్ జంగు దక్కను సుబేదారుగా పుదుచ్చేరికి వచ్చెను. అచట జరిగిన పట్టాభిషేకోత్సవమున డూప్లే మొగలాయి అమీరు ఉడుపులు ధరించి కూర్చుండెను. కొత్త సుబేదారు అతనికి 7,000 గుఱ్ఱముల మన్సబును, కృష్ణానదికి దక్షిణమున నున్న దేశముపై అధికారమును ఒసగెను. మచిలీపట్టణముపై ఫ్రెంచివారి హక్కును ఒప్పుకొనెను. వందలకొలది క్రోసుల తెలుగునేల భవితవ్యము, ఆ నేలపై లేని ఒక పందిరిక్రింద, ఉత్సవపు సందడిలో చేతులు మారినది.

ఆ వైభవమునకు రెండు నెలల ఆయువైనను లేకపోయెను. బుస్సీ సేనతో హైదరాబాదు దిక్కునకు తరలిన ముజఫర్ జంగు 1751 ఫిబ్రవరిలో కడప సీమయందలి లక్కిరెడ్డిపల్లె వద్ద, తనకు గద్దె సంపాదించిన పఠాను నవాబులతోడనే పోరి కూలెను. మరుసటి యేడు చందా సాహెబు శిరస్సు తెగినది. 1754లో డూప్లేను స్వదేశమునకు మరలించిరి. 1763లో అతడు పారిసులో అప్పులపాలై మరణించెను.

ఈ వేషధారణలో సాహిత్యమునకును పాలు కలదు. కస్తూరి రంగకవి తాను తెలుగున రచించిన లక్షణగ్రంథమునకు ‘ఆనందరంగరాట్ఛందము’ అని పేరిడెను. ‘రాట్’ అనగా రాజు. శ్రీనివాసకవి 1752లో సంస్కృతమున ‘ఆనందరంగవిజయచంపువు’ను కూర్చెను. కృతిభర్త రాజై యుండవలెనను ప్రాత సంప్రదాయమును కవులు విడువలేదు. రాజులు కరవైన కాలమున దుబాసీనే రాజును చేసిరి. దీనిని వట్టి ముఖస్తుతి యని త్రోసివేయరాదు. పోషకుడు మారినను ఛందశ్శాస్త్రము నిలువవలెనన్న ఆరాటము అందున్నది. ఫిరంగుల లెక్క చరిత్రకారులకు మిగిలినది, లక్షణగ్రంథము తెలుగువారికి మిగిలినది.

1761 జనవరి 16న పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమయ్యెను. అంతకు కొలదిదినముల ముందే ఆనందరంగ పిళ్ళె కన్నుమూసెను. విజేతలు కోటను, గవర్నరు భవనమును నేలమట్టము చేసిరి. జింజీనుండి తెచ్చిన శిల్పస్తంభములు కొన్ని నేడు సముద్రతీరమున గాంధీ విగ్రహము చుట్టును నిలిచియున్నవి. సాయంకాలము బిడ్డలతో షికారు వచ్చిన కుటుంబములు వాని నీడను కూర్చుండి చిరుతిండ్లు తినుచుండును. ఒకనాడు ఈ నగరమున ఎవరు ముందు కూర్చుండవలెనను దానిపై రాజ్యముల లెక్క తేలెడిది. నేడు ఆ స్తంభముల చెంత ఎవరైనను, ఎక్కడనైనను కూర్చుండవచ్చును.