గోదావరి డెల్టాలో ప్రైవేటు పాట

సినిమా కోసం కాకుండా విడిగా రాసి, బాణీ కట్టి, పాడి జనంలోకి వదిలే పాటను తెలుగువారు ప్రైవేటు పాట అంటారు. గోదావరి జిల్లాల్లో దీనికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కవులకూ గొంతులకూ ఇక్కడ ఎన్నడూ కొదవ లేదు. రికార్డింగుకు మాత్రం మద్రాసో, విజయవాడో, హైదరాబాదో వెళ్లాల్సి వచ్చింది.

గ్రామఫోను, రేడియో

సహాయ నిరాకరణ రోజుల్లో రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ వదిలేసి వీధుల్లోకొచ్చిన గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మీద పాట కట్టి ఊరూరా పాడారు. ఆ పాటకు 1922లో ఆయనకు జైలుశిక్ష పడింది. రికార్డు లేదు, రేడియో లేదు. అయినా నోటి మాటగానే జిల్లాలు దాటింది. అంతకు ముందునుంచే నరసాపురం ప్రాంతంలో మరో పాయ సాగుతోంది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ నీడలో పెరిగిన క్రైస్తవ గీతాలు అవి. ఈనాటికీ డెల్టాలో ప్రైవేటు ఆల్బములు విరివిగా వచ్చేది ఈ వర్గం నుంచే. సంగీత చరిత్రలు రాసేవారు దీన్ని పట్టించుకోకపోవడం పొరపాటు.

రాజమహేంద్రవరంలో 1925లో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోను యుగానికి పెద్ద గుర్తు. శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ (1942) చిత్రం కోసం రాసిన ‘మా తెలుగు తల్లికి’ గీతానికి ఆ సినిమాలో చోటు దొరకలేదు. సూర్యకుమారి పాడిన రికార్డుతోనే అది ఇంటింటికీ చేరి, చివరికి రాష్ట్ర గీతమైంది. సినిమా వద్దనుకున్న పాటకు ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

నదికి అవతలి గట్టున, నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన వేళ, 1947 ఆగస్టులో, ఆయన రాసి స్వరపరచిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆ కేంద్రం నుంచి ప్రసారమైంది. పాడింది సూర్యకుమారే. చెరో గట్టున పుట్టిన ఇద్దరి పాట కుదరడానికి మద్రాసు స్టూడియో కావలసి వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక ఆ దూరం కొంత తగ్గింది. రజని అక్కడ తీర్చిదిద్దిన ‘భక్తిరంజని’తో కోస్తా ఇళ్లలో తెల్లవారేది. పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి కూడా సినిమాకు రాస్తూనే ఆకాశవాణికి గేయాలిచ్చారు. ‘లలిత సంగీతం’ పేరుతో కొత్త పాటకు నెలనెలా జీతమిచ్చి చోటిచ్చిన సంస్థ ఆకాశవాణి ఒక్కటే. దాని ప్రాభవం తగ్గాక ఆ ఖాళీని పూడ్చినవారు లేరు.

పాటకు బొమ్మ

అమెరికాలో పాటల వీడియోలు చూపే చానల్ ఎంటీవీ 1981లో మొదలైంది. కెనడాలో 1984లో మచ్‌మ్యూజిక్ చానల్ వచ్చిన ఏడాదే, అక్కడి గాయకులు వీడియోలు తీసుకోవడానికి వీడియోఫ్యాక్ట్ అనే నిధి ఏర్పడింది. చేతిలో డబ్బులేని బృందాలు కొత్త ఆలోచనతో వీడియో తీయగలగడానికి ఆ నిధి ఒక కారణం. తెలుగునాట ఖర్చంతా పాట చేసినవారి జేబులోంచే. 2000లో స్మిత ‘హాయ్ రబ్బా’తో తెలుగు పాప్ ఆల్బం టీవీ తెరకెక్కినా, ఆ ఒరవడి ఎక్కువ కాలం నిలవలేదు. తీసేవారికి డబ్బు తిరిగొచ్చే దారి లేదు, చూపించే చానళ్లకు సినిమా పాటలే చాలు.

యూట్యూబ్ ఆ లెక్క మార్చింది. హైదరాబాదు బృందం ‘చౌరస్తా’ పల్లె విడిచి వెళ్లే కుర్రాడి మీద, 2020 మార్చిలో కరోనా జాగ్రత్తల మీద చేసిన పాటలు ఏ సినిమా అండా లేకుండా ఊళ్లు చుట్టాయి. ఏలూరులో పుట్టిన మోహన భోగరాజు 2021లో పాడిన ‘బుల్లెట్టు బండి’ (రచన లక్ష్మణ్, సంగీతం ఎస్.కె. బాజి) తెలంగాణ యాసలో సాగుతుంది. తెలంగాణలో ఒక పెళ్లికూతురు దానికి వేసిన స్టెప్పులు ఫోన్లలో తిరిగాకే పాట అసలు ఊపందుకుంది. ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడిన గొంతును ఇంటింటికీ చేర్చింది మాత్రం ఈ ప్రైవేటు పాటే.

గోదావరి వరకు చూస్తే అందరికన్నా చెప్పుకోవలసింది పసల బేబి గురించి. ఆమెది రంగంపేట మండలం వడిశలేరు. నిజానికది డెల్టా కాదు, మెట్ట. కూలిపనులు చేసుకునే ఆమె ‘ప్రేమికుడు’లోని పాట పాడగా ఎవరో ఫోనులో తీసిన వీడియో 2018లో దేశమంతా తిరిగింది. రాజమహేంద్రవరం దగ్గర గాదరాడకు చెందిన గాయకుడు, సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమెను హైదరాబాదు పిలిపించి, లక్ష్మీభూపాల రాసిన ‘మట్టి మనిషినండి నేను’ పాడించారు. రివాజుగా పాట ముందు, వీడియో తర్వాత. ఇక్కడ వీడియో ముందొచ్చి పాటను పుట్టించింది. అది కూడా పాడే మనిషి బతుకునే చెప్పే పాట. ఈ ప్రాంతం నుంచి వచ్చిన వీడియో పాటల్లో దీన్ని ముందువరసలో పెట్టడానికి అదొక్కటి చాలు.

2020లో విడుదలైన ‘పలాస 1978’ చిత్రంలో బేబి, రఘు కుంచె సంగీతంలోనే, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో కలిసి యుగళగీతం పాడారు.