విశాఖపట్నం విహార నౌకల రేవు కాగలదా?

ఒక రేవు నుండి మరొక రేవుకు చేరడం కాక, ప్రయాణమే విహారంగా సాగే ఓడను విహార నౌక లేదా క్రూజ్ నౌక అంటారు. వసతి, భోజనం, వినోదం అన్నీ అందులోనే ఉంటాయి. దారిలోని రేవులలో ఒక పూటో ఒక రోజో ఓడ ఆగుతుంది. ప్రయాణికులు దిగి ఊరు చూసి, సాయంత్రానికి తిరిగి ఓడ ఎక్కుతారు. ఇటువంటి నౌకల కొరకు విశాఖపట్నంలో 96 కోట్ల రూపాయల వ్యయంతో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ నిర్మించారు. కేంద్ర నౌకాయాన మంత్రి శర్బానంద సోనోవాల్ 2023 సెప్టెంబరు 4న దానిని ప్రారంభించారు.

భవనం సిద్ధమైంది. అయితే ఓడలు వస్తాయా, వచ్చినవి మరుసటి సంవత్సరం మళ్ళీ వస్తాయా అన్నదే అసలు ప్రశ్న. ఇది విశాఖ వాసులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్, యానాం పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు చదువులకైనా, వైద్యానికైనా, ఉపాధికైనా అందుబాటులో ఉన్న మహానగరాలలో విశాఖ ముఖ్యమైనది. అక్కడ కొత్తగా పని పుట్టినా, పుడుతుందన్న ఆశ మాత్రమే పుట్టినా, ఆ ప్రభావం సరిహద్దు గ్రామాలను తాకుతుంది.

ప్రయాణికుల ఓడలు కొత్త కాదు

విశాఖ రేవు 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ ఓడ రాకతో సముద్ర వాణిజ్యానికి తెరుచుకున్నది. బయటి హార్బరు 1976లో అందుబాటులోకి వచ్చింది. అంతకు ఎంతో ముందే ఉత్తర కోస్తాలోని చిన్న రేవుల నుండి మనవారు సముద్రం దాటారు. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవులలో ఓడ ఎక్కి వేలాది మంది కూలి పనులకు రంగం వెళ్ళారు. రంగం అంటే నేటి యాంగూన్. యానాం సమీపంలోని కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1942లో జపాను దాడితో ఆ దారి మూసుకుపోయి, ఎందరో కాలినడకన తిరిగి వచ్చారు. ఆనాటి ఓడ పొట్టకూటి కొరకు వెళ్ళేవారిది, నేటి ఓడ విహారానికి వెళ్ళేవారిది. ఆనాడు ప్రయాణికుని అవసరం ఓడను రప్పించేది. నేడు మాత్రం రేవు తనంతట తాను ఓడను ఆకర్షించుకోవలసి ఉంటుంది.

టెర్మినల్ పరిమితి

ఈ టెర్మినల్‌లోని బెర్తు పొడవు 180 మీటర్లు. ఓడను తాళ్ళతో కట్టివేసేందుకు నీటిలో నిర్మించిన డాల్ఫిన్ దిమ్మెలను కలుపుకుంటే మొత్తం 330 మీటర్లు. సుమారు 2,000 మంది ప్రయాణికుల నౌకను దృష్టిలో ఉంచుకొని దీనిని రూపొందించారు. 2024 జనవరిలో తొలి యాత్ర చేసిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ వంటి ఓడ పొడవు 365 మీటర్లు. అంతటి ఓడలకు ఈ రేవు తగదు. దీనిని లోపంగా భావించనవసరం లేదు. చెన్నై నుండి విశాఖకు వచ్చిన ‘ఎంప్రెస్’ నౌక పొడవు 211 మీటర్లు మాత్రమే. మధ్యతరహా ఓడలే విశాఖకు సరిపడే ఓడలు.

దారిలో ఉన్న రేవు, దారి మళ్ళవలసిన రేవు

విశాఖకు ఉన్న అతి పెద్ద ఇబ్బంది భూగోళమే. శీతాకాలంలో దుబాయి నుండి సింగపూరు వైపు సాగే విదేశీ నౌకలకు ముంబాయి, గోవా, మంగళూరు, కొచ్చి, కొలంబో రేవులు వరుసగా దారిలోనే తగులుతాయి. కొలంబో దాటిన ఓడ తిన్నగా తూర్పునకు సాగిపోతుంది. విశాఖకు రావాలంటే దారి మళ్ళి ఉత్తరానికి రావాలి. చెన్నై నుండి విశాఖకు సముద్రమార్గం సుమారు 330 నాటికల్ మైళ్ళు, అనగా 610 కిలోమీటర్ల దూరం. గంటకు 15 నాటికల్ మైళ్ళ వేగంతో వచ్చినా 22 గంటలు పడుతుంది. రానుపోను రెండు రోజులు, ఆ మేరకు ఇంధనం. అంత ఖర్చు పెట్టి రావడానికి ఓడ యజమానికి బలమైన కారణం కావాలి.

దేశీయ యాత్రల అనుభవం కూడా ఇదే చెబుతున్నది. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ చెన్నై నుండి విశాఖ వచ్చింది. ఆ యాత్రలో పుదుచ్చేరి కూడా ఉన్నది గాని, అక్కడి ప్రభుత్వం అనుమతించనందున ప్రయాణికులు ఆ ఊరిలో దిగలేకపోయారు. యానాం ఆ ప్రభుత్వ పరిధిలోనిదే కనుక అక్కడి పాఠకులకు ఈ వివాదం తెలిసినదే. 2023 జూన్‌లో అదే నౌక చెన్నై నుండి శ్రీలంక రేవులకు మళ్ళింది. 2024 ఏప్రిల్ చివరి వారంలో ‘ద వరల్డ్’ అనే విదేశీ నౌక విశాఖ కొత్త టెర్మినల్‌కు చేరింది. 2025 జూలై మొదటి వారంలో ‘ఎంప్రెస్’ మరల విశాఖకు, అటుపై పుదుచ్చేరికి వచ్చింది. రేవు కదలదు, ఓడ కదులుతుంది. లాభం ఎటు ఉంటే అటు మళ్ళగలగడమే ఓడ స్వభావం. 96 కోట్లు పెట్టిన రేవుకు ఆ సౌకర్యం లేదు.

మూల రేవు, మజిలీ రేవు

యాత్ర మొదలై ముగిసే రేవును మూల రేవు అనవచ్చు, మధ్యలో ఆగేది మజిలీ రేవు. ఆదాయంలో ఈ రెండింటికీ ఎంతో వ్యత్యాసం ఉన్నది. మూల రేవులో ప్రయాణికులు ముందురోజే వచ్చి హోటళ్ళలో బస చేస్తారు. ఓడకు కావలసిన కూరగాయలు, చేపలు, బియ్యం, మంచినీరు అక్కడే ఎక్కిస్తారు. మజిలీ రేవులో మాత్రం టాక్సీలకు, బస్సులకు, గైడులకు, దుకాణాలకు ఒక పూట బేరం దక్కుతుంది.

విదేశీ యాత్రలకు మూల రేవు కావాలంటే దూరదేశాల నుండి నేరుగా విమానాలు రావాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరంలో భాగం. భోగాపురం వద్ద కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. విదేశీ సర్వీసులు అక్కడికి ఎన్ని వస్తాయన్న దానిపైనే ఈ ఆశ ఆధారపడి ఉంటుంది. ఈలోగా దేశీయ యాత్రలకు చెన్నై ఒక కొస, విశాఖ రెండవ కొస అయ్యే అవకాశం ఉన్నది. రెండు కొసలలోనూ ప్రయాణికులను ఎక్కించుకోగలిగితే విశాఖ సగం మూల రేవు అయినట్లే.

ఋతువుల లెక్క

నైరుతి ఋతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక పడమటి తీరంలో తిరిగే దేశీయ నౌకకు జూన్ నుండి సెప్టెంబరు వరకు తూర్పు తీరం అనుకూలం. విదేశీ నౌకల రాక నవంబరు నుండి ఏప్రిల్ వరకు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎంతగా దెబ్బతీసినదో అందరికీ గుర్తున్నదే. కనుక ఏడాది పొడవునా ఓడలు వస్తాయనుకోవడం పొరపాటు. ఖాళీ మాసాలలో బెర్తును సరకు నౌకలకు ఉపయోగించుకోవడమే వివేకం.

ఒక పూటలో ఏమి చూపగలం?

ఓడ ఎనిమిది పది గంటలు ఆగుతుందనుకుందాం. 1,200 మంది దిగితే 40 సీట్ల బస్సులు 30 కావాలి. కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, ఋషికొండ, సింహాచలం, తొట్లకొండ బౌద్ధారామం ఆ పూటలో చూడదగినవి. అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. రానుపోను ప్రయాణానికే ఆరేడు గంటలు పోతుంది. అరకు చూపాలంటే ఓడ రాత్రి కూడా రేవులోనే ఉండాలి. రాత్రి బస చేసే ఓడ రెండు పూటల ఖర్చు ఊరికి మిగిల్చి పోతుంది. బొగ్గు, ఖనిజ ధూళితో నిండిన రేవు పరిసరాలను శుభ్రపరచడం కూడా అంతే ముఖ్యం. అతిథి మొదట చూసేది వాకిలినే గదా!

సరిహద్దు గ్రామాలకు ఏమి దక్కుతుంది?

విహార నౌకలలో వంటశాల, గదుల శుభ్రత, వడ్డన వంటి పనులలో భారతీయులు ఎందరో ఉన్నారు. ఓడ విశాఖకు వచ్చినంత మాత్రాన విశాఖవారికే ఆ ఉద్యోగాలు రావు. నియామకాలు ఏజెన్సీల ద్వారా జరుగుతాయి. అటువంటి ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వారి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి వద్ద రుసుము తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. పాస్‌పోర్టు, వైద్య ధృవపత్రం, సీడీసీ అనే నావికుని పుస్తకం వంటి వాటి ఖర్చు మాత్రమే అభ్యర్థిది. ‘క్రూజ్ వస్తోంది, లక్ష కట్టండి’ అని ఎవరైనా గ్రామానికి వస్తే, పొలం కుదువ పెట్టే ముందు ఆ లైసెన్సు సంఖ్యను షిప్పింగ్ శాఖ జాబితాలో సరిచూసుకోవాలి.

తీరంలో దొరికే పనులు నిరాడంబరమైనవి: వాహనాలు నడపడం, దారి చూపడం, హస్తకళా వస్తువుల అమ్మకం. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొరాపుట్ చేనేత, అరకు కాఫీ టెర్మినల్‌లోనే అమ్మే ఏర్పాటు చేస్తే కొండ ప్రాంతాలకు నేరుగా కొంత చేరుతుంది.

ముగింపు

2024 సెప్టెంబరు 30న కేంద్రం ప్రారంభించిన క్రూజ్ భారత్ మిషన్ 2029 నాటికి విహార నౌకల ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలని సంకల్పించింది. ఆ వృద్ధిలో విశాఖకు భాగం ఉండగలదు. అయితే అది ముంబాయికో కొచ్చికో పోటీ కాలేదు. మధ్యతరహా నౌకలకు మజిలీగా, చెన్నై యాత్రలకు రెండవ కొసగా నిలవడమే దానికి సాధ్యమైన విజయం. టెర్మినల్ ప్రారంభోత్సవం నాటి ఫొటోలు విజయానికి కొలత కాదు. ఒకసారి వచ్చిన ఓడ వరుసగా మూడేళ్ళు తిరిగి వచ్చిననాడు ఈ రేవు నిలదొక్కుకున్నదని చెప్పవచ్చు. అంతవరకు ఆశ పడవచ్చు గాని, అప్పు చేయరాదు.