చేపలతొట్టి వడపోత: తండ్రి పాత్ర, కుమారుని శోధన

కుండలను ఒకదానిపై నొకటి పేర్చి, ఒకదానిలో బొగ్గు, మరొకదానిలో ఇసుక పోసి నీటిని వడగట్టు పద్ధతి పాఠశాల విద్యార్థు లందరును ఎరిగినదే. పై కుండలో మురికినీరు పోసిన కొంతసేపటికి అడుగు కుండలో తేటనీరు చేరును. ఈ ప్రయోగము చూచినవారి మనస్సులో ఒక భావము నాటుకొనును. వడపోత యనగా మలినమును పట్టి నిలుపు జల్లెడ. నీరు తేరినచో శుభ్రమైనట్లే.

ఈ భావము సగమే నిజము. గాజుతొట్టిలో చేపలను పెంచువారికి దీని లోపము త్వరలోనే తెలియవచ్చును. తొట్టి వెనుక అంచుకు తగిలించు చిన్న వడపోత పెట్టెలు నేడు అంగళ్ళలో దొరకుచున్నవి. చిన్న విద్యుత్ పంపు ఒకటి గొట్టముద్వారా తొట్టినీటిని పైకి తోడి పెట్టెలో పోయును. ఆ నీరు పెట్టెలోని పదార్థములగుండ ప్రవహించి పలుచని ధారగా తిరిగి తొట్టిలో పడును. క్రొత్త తొట్టికి క్రొత్త పెట్టె అమర్చి, నీరు అద్దమువలె నున్నదని సంతోషించుచుండగనే, కొన్ని దినములలో చేపలు ఒకటొకటిగా చచ్చుట కలదు. నీరు తేటగనే యున్నది. చేపలు మాత్రము దక్కలేదు. కారణ మేమి? ఆ పెట్టెలో ఏ పదార్థమును నింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాట దొరకలేదు. దాని చరిత్రలో ఒక తండ్రియు, ఆయన కుమారుడును ముఖ్యులు. ఇద్దరి పేరును రాబర్టు వారింగ్టనే.

తండ్రి గాజుపాత్ర

తండ్రి వారింగ్టను (1807-1867) లండనులో అపోతికరీస్ హాలు అను ఔషధశాలలో రసాయనికుడు. 1841లో లండను రసాయనశాస్త్ర సంఘమును నెలకొల్పుటకు పూనుకొన్నవా డీతడే. 1849లో ఆయన పండ్రెండు గాలనులు పట్టు గాజుపాత్రలో నీరు పోసి, అడుగున ఇసుక, బురద, రాళ్ళు పరచి, వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. వెలుతురులో మొక్కలు ప్రాణవాయువును విడుచునని అంతకు ముందే, 1779లో, ఇంగెన్‌హౌస్ తెలిపియుండెను. కనుక చేపకు కావలసిన వాయువును మొక్క ఇచ్చుననియు, నీరు మార్చనక్కరలేదనియు వారింగ్టను ఆశించెను.

కొంతకాలము గడువగా మొక్క ఆకులు కుళ్ళి నీరు కలకబారెను. అంతట ఆయన చెరువునత్తలను తెచ్చి పాత్రలో విడిచెను. అవి కుళ్ళిన ఆకులను, పాచిని తినివేయగా నీరు తిరిగి తేరెను. చేప, మొక్క, నత్త అను మూడింటికిని సమత్వము కుదిరినచో పాత్ర తనంతట తానే నిలుచునని 1850లో ఆయన సంఘమునకు నివేదించెను. మూడేండ్లలో, అనగా 1853లో, లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలకొరకు చేపలశాల వెలసెను.

ఈ లెక్కలో ఒక పద్దు తప్పిపోయినది. నత్త కుళ్ళును తినును, సరే. నత్తయు చేపయు విసర్జించున దేమగును? చేప తన దేహములోని నత్రజని వ్యర్థములో హెచ్చుభాగమును మొప్పలద్వారా అమోనియాగా నీటిలోనికి విడుచును. నీటిలో కరగిన అమోనియా కంటికి కనబడదు. కాని కొద్దిపాటి మోతాదులోనే చేపలను చంపగలదు. దానిలో కొంత మొక్కలు పీల్చుకొనును. తక్కినది ఎటు పోయినది? సమాధానము పాత్ర అడుగునగల ఇసుకలోను, బురదలోను ఉండెను. నాడు దాని నెవ్వరును ఎరుగరు.

ఇసుకలో ప్రాణము

1877లో ఫ్రాన్సు దేశస్థులైన ష్లోజింగ్, ముంట్జ్ అను శాస్త్రజ్ఞులు కాల్చిన ఇసుకను, సున్నపురాతి పొడిని కలిపి ఒక గొట్టములో నింపి, దానిగుండ మురుగునీటిని మెల్లగా పారించిరి. సుమారు ఇరువది దినములు మార్పేమియు లేదు. అటుపిమ్మట దిగువకు వచ్చు నీటిలో అమోనియా మాయమై, దాని స్థానమున నైట్రేటు కనబడెను. ఇది కేవలము రసాయన చర్యయే యైనచో ఇరువది దినములు ఆగనేల? వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా మార్పు నిలిచిపోయెను. మందు తొలగించి, కొంచెము మట్టి కడిగిన నీటిని పోయగా మరల ఆరంభమయ్యెను. మత్తుమందుకు లోబడునది ప్రాణియే గాని రాయి కాదు. ఇసుకలో ప్రాణులు నివసించి పనిచేయుచున్నవని ఇట్లు స్థిరపడెను.

పట్టణములకు నీరిచ్చు ఇసుక వడపోతలయందును ఇట్టి సంగతియే తేలినది. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున ఎల్బేనది నీటిని వడగట్టక వాడినందున కలరా వ్యాపించి ఎనిమిదివేలమందికి పైగా మరణించిరి. పొరుగుననే, నదికి దిగువనున్న ఆల్టోనా పట్టణము అంతకంటె మురికియైన నీటినే ఇసుకతో వడగట్టి వాడి, చాలవరకు తప్పించుకొనెను. ఇసుకరేణువుల నడిమి సందులు కలరా క్రిమికంటె ఎంతో పెద్దవి. క్రిమిని ఆపినది ప్రధానముగా ఇసుకపై పేరిన జిగురుపొర; అది సజీవమైనది.

కుమారుని శోధన

తండ్రి గాజుపాత్రను అమర్చిననాటికి కుమారుడు వారింగ్టను (1838-1907) పదేండ్ల బాలుడు. పెరిగి పెద్దవాడై రోథాంస్టెడు వ్యవసాయ పరిశోధనాలయమున పొలముల మట్టిని పరీక్షించుచు, ష్లోజింగ్, ముంట్జ్‌ల ఫలితమును సరిచూచెను. 1878 మొదలు 1891 వరకు ఈ విషయమై వరుసగా వ్యాసములు ప్రకటించెను. మార్పు రెండు మెట్లుగా జరుగునని ఆయన చూపెను. మొదట అమోనియా నైట్రైటుగను, పిమ్మట నైట్రైటు నైట్రేటుగను మారును. ఈ రెండు పనులును వేరువేరు జీవులవి. నైట్రైటుకూడ చేపకు విషమే. రక్తమును గోధుమరంగునకు మార్చి, ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. నైట్రేటు అంతకంటె ఎంతో సాధువు.

ఆ జీవులను విడదీసి పెంచుటకు వారింగ్టను చాల శ్రమించెను గాని ఫలింపలేదు. అవి జెలటినుమీద పెరుగవు. 1890లో విన్‌గ్రాడ్‌స్కీ సేంద్రియ పదార్థములేని ద్రవములలోను, ఇసుకరాతి మూలమైన సిలికాతో చేసిన జిగురుమీదను వానిని పెంచగలిగెను. అవి అమోనియానుండి శక్తిని, బొగ్గుపులుసు వాయువునుండి కర్బనమును గ్రహించి బ్రతుకును. తండ్రి లెక్కలో తప్పిపోయిన పద్దును కుమారుడు మట్టిలో వెదకి పట్టెను.

బొగ్గు చేయగలది, చేయలేనిది

బొగ్గు ద్రావణముల రంగును తీసివేయునని 1785లో లోవిట్జ్ కనుగొనెను. 1900 ప్రాంతమున ఓస్ట్రెయికో బొగ్గును ఆవిరితోను, లవణములతోను కాల్చి ఉత్తేజపరచు పద్ధతులు కనిపెట్టెను. అట్టి బొగ్గులో సూక్ష్మరంధ్రములు లెక్కకు మిక్కిలి. ఒక గ్రాము బొగ్గులోని ఉపరితలము వెయ్యి చదరపు మీటర్లవరకు ఉండగలదు. రంగు, వాసన, క్లోరిను, కొన్ని మందులు ఈ తలమున అంటుకొనును. అమోనియాను మాత్రము బొగ్గు దాదాపుగా పట్టజాలదు. రంధ్రములు నిండినపిమ్మట అది మామూలు రాయితో సమానము.

1756లో క్రోన్‌స్టెడ్ట్ పేరిడిన జియోలైటు అను ఖనిజ వర్గములో కొన్ని అమోనియాను పట్టును. అవి నిండినపుడు ఉప్పునీటిలో నానబెట్టి తిరిగి వాడుదురు. ఇందులోనే ప్రమాదముకూడ నున్నది. చేప జబ్బుకని తొట్టిలో ఉప్పు వేసినచో, జియోలైటు తాను పట్టిన అమోనియాను తొట్టిలోనికే విడువవచ్చును.

పెట్టెలో నింపుట

ఈ చరిత్ర తెలిసినవారికి నింపు క్రమము సులభము. నీరు మొదట తగులుచోట స్పంజి ఉండవలెను. అది చెత్తను ఆపును. తరువాత రంధ్రములుగల పింగాణి వలయములుగాని, అగ్నిపర్వత శిలలుగాని ఉంచవలెను. అవి సూక్ష్మజీవులకు ఇండ్లు. బొగ్గు అవసరమైనపుడు మాత్రము చివర ఉంచిన చాలును. చోటు చాలనిచో బొగ్గును మానవచ్చును; సూక్ష్మజీవుల ఇంటిని మానరాదు. స్పంజికూడ వానికి మంచి ఇల్లే.

శుభ్రతమీద మక్కువయే ఇక్కడ హాని చేయును. పదార్థము లన్నిటిని కుళాయిక్రింద తళతళ మెరయునట్లు కడిగినచో, నీటిలోని క్లోరిను సూక్ష్మజీవులను చంపును. అన్నిటిని ఒక్కమారుగా మార్చినచో అవి బయట పారవేయబడును. తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండి కడుగవలెను. మార్చునపుడు సగము సగముగా మార్చవలెను. పంపును చాలసేపు ఆపరాదు. ఆ జీవులకు ప్రాణవాయువు నిరంతరము కావలెను. క్రొత్త తొట్టిలో ఈ జీవులు స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టవచ్చును. ష్లోజింగ్, ముంట్జ్‌లు వేచిన ఇరువది దినముల అర్థ మిదియే.

కథ ఇంతటితో ముగియలేదు. మంచినీటి తొట్లలో నైట్రైటును మార్చునది చిరకాలము అనుకొన్న నైట్రోబాక్టరు గాక నైట్రోస్పైరా వర్గమని 1998లో తేలెను. అమోనియాను మార్చు ఆర్కియా అను వేరు జాతి సూక్ష్మజీవిని 2005లో సియాటిల్ నగర చేపలశాల తొట్టినుండి వేరుచేసిరి. రెండు మెట్లను ఒంటరిగానే ఎక్కగల జీవులు 2015లో బయటపడినవి. వానిలో కొన్ని చేపల పెంపకపు వడపోతనుండి లభించినవే.

పాఠశాలలో దీనిని చూపుట కష్టము కాదు. చేపలు లేని తొట్టిలో వడపోత నడిపి, కొలదిగా అమోనియా కలిపి, ప్రతిదినము అమోనియా, నైట్రైటు, నైట్రేటులను పరీక్షించి గీతపటము గీయవచ్చును. అమోనియా గీత పడిపోవుచుండగా నైట్రైటు గీత లేచును. అది పడిపోవుచుండగా నైట్రేటు గీత లేచును. నీరు మాత్రము మొదటినుండి తుదివరకు తేటగనే కనబడును. కన్ను చూడజాలని మార్పును కాగితముమీద చూచిన విద్యార్థి, తేటనీ రంతయు మంచినీరు కాదని ఎన్నడును మరువడు.