భాషారాష్ట్ర వివాదకాలమున ఫోరస్ రోడ్డు తెలుగువారు

బొంబాయి నగరము ఎవరిది అను ప్రశ్న 1946 మొదలు 1960 వఱకు ఈ నగరమును పట్టి కుదిపినది. మరాఠీవారు ఇది మహారాష్ట్రమున అంతర్భాగమనిరి. గుజరాతీ వర్తకులును మిల్లుల యజమానులును ఇది ఏ యొక్క భాషవారిదియు కాదు, కావున ప్రత్యేకముగా నుండవలెననిరి. ఈ రెండు పక్షముల వాదములను గూర్చి గ్రంథములు పెక్కు వెలువడినవి. అయితే ఈ నగరమునకు రాళ్లు మోసి, మట్టి పోసి, గోడలు లేపిన తెలుగు కూలివారికి ఆ వివాదమున ఏ స్థానముండెనో విచారించినవారు అరుదు. నిజమునకు ఈ దీవులకు మొదటి హక్కుదారులు కోలీ బెస్తలు. ముంబాదేవి వారి యిలవేలుపు. నగరము మాది, మాది అని వాదించిన పెద్దలు ముందుగా వారిని అడిగియుండిన బాగుండెడిది.

తెలుగువారి రాక పదునెనిమిదవ శతాబ్ది చివరి మాట. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట పూర్తియై సముద్రపు పోటును అరికట్టినది. ముంపునేల మెల్లమెల్లగా మెరకయైనది. ఇట్టి నేలలో కొంత ఫోరస్ భూములనబడెను. పోర్చుగీసు భాషలో ఫోరో యనగా శిస్తు. ఆ భూముల హక్కుల తగవు తీర్చుటకు 1851లో ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చినది. ఆ పేరు మోసిన బాటయే ఫోరస్ రోడ్డు. నేడు దానికి కార్మికనాయకుడగు నింబ్కర్ పేరు పెట్టినారు గాని పాతవారి నోట పాత పేరే పలుకుచున్నది. నిజాము రాజ్యములోని తెలంగాణమునుండి వచ్చిన కూలివారు ఈ ప్రాంతమున గుడిసెలు వేసికొనిరి. వారిని ఇచ్చటివారు కామాఠీలనిరి. వారి పేట కామాఠీపురా యైనది. మన కమతము, కమతగాడు అను మాటలతో ఈ పేరునకు చుట్టరికము కనబడుచున్నది. ఇంత కష్టజీవుల పేరు తరువాతి కాలమున వేశ్యావాటికకు పర్యాయపదమై, చిరునామా చెప్పుకొనుటకే కుటుంబీకులు సంకోచింపవలసిన గతి పట్టుట చరిత్ర చేసిన అన్యాయములలో నొకటి.

కూలికి వచ్చినవారిలో కొందఱు గుత్తేదారులైరి, ధనవంతులైరి. 1873లో జ్యోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో ప్రముఖులు ఈ తెలుగువారే. రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకూ బాళాజీ కాళేవార్, జాయా కరాడీ లింగూ, నరసింగరావు సాయిబు వడ్నాల - ఈ పేర్లు మరాఠీ సంస్కరణోద్యమ చరిత్రలో నిలిచినవి; మన చరిత్రగ్రంథములలో మాత్రము వెదకినను దొరకవు. ఫూలేయును గుత్తేదారే. కట్టడపు పనియందలి పరిచయమును, శూద్రకులములకు చదువు కావలెనను పట్టుదలయు వీరిని కలిపియుండునని నా యూహ. 1888 మే 11న ఫూలేకు మహాత్మ బిరుదము నొసగిన సభ మాండ్వీ కోలీవాడలో జరిగినది. బెస్తల పేటలో, మరాఠీ సంస్కర్తకు, తెలుగువారు తోడుగా నున్న సమాజము పక్షమున సన్మానము! ఈ నగరము ఎవరిదను ప్రశ్న నాటికి ఇంకను పుట్టలేదు.

దీనికి సరిగా ఎదురైన సంఘటన వీరి జన్మభూమిలో జరిగినది. 1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా మరాఠీ శ్రోతలు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. రెండుచోట్లను అవే రెండు భాషలు. అచ్చట వేదికమీద చదువుకొన్నవారు ఎదురుపడిరి; ఇచ్చట చాళ్లలో శ్రమజీవులు ఇరుగుపొరుగులైరి. భేదమంతయు అందే యున్నదని నేననుకొందును.

ఇక వివాదకాలమునకు వత్తము. 1946లో బెల్గాము మరాఠీ సాహిత్య సమ్మేళనము సంయుక్త మహారాష్ట్రమును కోరినది. 1948లో అంబేద్కరు, మరాఠీవారు నగరమున సగమునకు తక్కువయైనను బొంబాయి మహారాష్ట్రమునకే చెందవలెనని ధార్ సంఘము నెదుట వాదించెను. పురుషోత్తమదాసు ఠాకూరుదాసు నాయకత్వమున బొంబాయి పౌరసంఘము దీనికి ప్రతికూలముగా పనిచేసెను. ఇట్టి తర్కము తెలుగువానికి క్రొత్తది కాదు. మద్రాసు మాది యని మనవారు అడుగలేదా? మద్రాసును వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్రమును పరిశీలింపవచ్చునని 1949లో నెహ్రూ, పటేలు, పట్టాభి సంఘము చెప్పలేదా? 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణము చేసిరి. 1953 అక్టోబరు 1న మద్రాసు లేకయే ఆంధ్రరాష్ట్రము వచ్చినది. ఆ విజయమే దేశమంతట భాషారాష్ట్రముల కోరికకు ఊపిరిపోసినది. మద్రాసున సొంతదారుగా వాదించిన తెలుగువాడు బొంబాయిలో అతిథిగా లెక్కింపబడెను. తనవారి త్యాగఫలమే తన్ను పరాయివానిగా నిలుపు తర్కమై తిరిగి వచ్చుట ఎంత చిత్రము!

1955 నవంబరు 21న ఫ్లోరా ఫౌంటెనువద్ద కాల్పులు జరిగినవి. 1956 జనవరి 16న బొంబాయి కేంద్రపాలితమగునని నెహ్రూ ప్రకటింపగా నగరము భగ్గుమన్నది. ఉద్యమమున మొత్తము నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరుగునన్నట్లు, హర్తాళ్లు జరిగినపుడెల్ల దినకూలి చేయువాని యింట పొయ్యి వెలుగదు. జెండా ఏ రంగుదైనను అతనికి పస్తు ఒక్కటే.

అయినను ఈ వివాదమున తెలుగువారి పేర మూడవ పక్షమేదియు లేచినట్లు కనబడదు. దీనిని పిరికితనమనువారితో నేనేకీభవింపను. పక్షముగా లేచినచో, భాషాభేదము చాలు మెట్లమీదికిని నీళ్ల కొళాయివద్దకును దిగివచ్చియుండెడిది. ఒకే వరండాలో కాపురముండి, ఒకే మిల్లునకు పోయి, పనిస్థలమున మరాఠీయు ఇంట తెలుగును మాటలాడిన కుటుంబములకు మేము వేఱు అని చాటుకొనుటవలన ఒరుగునదేమి? కులపంచాయతీ, పోచమ్మ గుడి, బతుకమ్మ పండుగ - ఇవి వారి తెలుగుతనమును లోపల కాపాడినవి. దానిని వీధిలోనికి తెచ్చి పందెమొడ్డవలసిన యగత్యము వారికి కలుగలేదు.

1956 నవంబరు 1న విచిత్రమైన పంపకము జరిగినది. నిజాము రాజ్యములోని మరాఠ్వాడా ద్విభాషా బొంబాయి రాష్ట్రమునకును, తెలంగాణము ఆంధ్రప్రదేశమునకును చేరినవి. కామాఠీపురావాసి స్వగ్రామము ఒక్కనాటిలో ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు మారినది. 1960 మే 1న బొంబాయి మహారాష్ట్ర రాజధానియైనది. 1966లో శివసేన బయలుదేరి దాక్షిణాత్యులపై ధ్వజమెత్తినప్పుడు దాని గురి ముఖ్యముగా కార్యాలయముల గుమాస్తా యుద్యోగములమీద నుండెను. మట్టితట్ట ఎత్తువానితో పోటీపడువారు తక్కువ. మరాఠీ నోటికి వచ్చినవాని నెవరు వెదకి పట్టుకొందురు?

ఈ నేర్పునకు మూల్యము మాత్రము లేకపోలేదు. వీధిలో తెలుగును బిగ్గరగా పలుకకుండుటకు అలవాటుపడిన నోరు కొంతకాలమునకు ఇంటిలోను తగ్గించి పలుకును. నగరపాలకసంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడపినది. ఆ రోజులలో తల్లిదండ్రులు పిల్లలను వానికి పంపిరి. ఇపుడా తరగతులలో పిల్లలు తఱిగిపోవుచున్నారు. బతుకమ్మ నాడు చాళ్ల నడుమ ఆడువారు చుట్టు తిరిగి పాడుదురు. పాట తెలుగే. పాడు పిల్లలలో పెక్కుమందికి ఆ పాటను వ్రాసియిచ్చినచో చదువుట రాదు.