క్యాంపు నుంచి ఊరికి: నిజాంసాగర్ ఆయకట్టులో వలస రైతులు

వలస వచ్చిన చోట స్థిరపడడం, అక్కడి సమాజంలో కలిసిపోవడం ఒకటి కాదు. మొదటిదాన్ని పొలం, ఇల్లు, ఆదాయాలతో కొలవవచ్చు. రెండోదానికి ఇరుపక్షాల అంగీకారం కావాలి. ఈ తేడాను నిజాంసాగర్ ఆయకట్టు చరిత్రలో మీరు స్పష్టంగా చూడగలరు.

వలసకు కారణాలు

మంజీరా నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. కాలువ నీరు వచ్చినా, మెట్ట భూమిని మాగాణిగా మార్చే పెట్టుబడి స్థానిక రైతుల్లో చాలామందికి లేదు. మరోవైపు కోస్తా డెల్టా రైతులకు కాలువ సేద్యంలో అనుభవం ఉంది. అక్కడ భూమి ఖరీదు, ఇక్కడ చవక. అందువల్ల అనేక కుటుంబాలు బోధన్, బాన్సువాడ, వర్ని ప్రాంతాలకు తరలివచ్చాయి. 1930ల చివర్లో బోధన్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం చెరకు సాగుకు ఊతమిచ్చింది.

విడిగా నివాసం

వచ్చినవారిలో చాలామంది పాత ఊళ్లలో కాక, పొలాల దగ్గరే నివాసాలు ఏర్పరచుకున్నారు. వాటిని క్యాంపులన్నారు. తాత్కాలిక విడిది అనే అర్థమున్న ఈ మాట తరాలు మారినా ఊరి పేర్లలో నిలిచిపోయింది. పెళ్లి సంబంధాలు ఎక్కువగా సొంత జిల్లాలతోనే సాగాయి. భూమి అమ్మినవారిగా, కూలీలుగా మాత్రమే స్థానికులు క్యాంపుకు పరిచయమైన చోట సమానుల స్నేహం పెరగడం కష్టమైంది. కర్ణాటకలోని తుంగభద్ర ఆయకట్టులో తెలుగు రైతుల నివాసాలకూ క్యాంపులనే పేరు వచ్చింది. అక్కడ భాష వేరు. ఇక్కడ ఇరువురిదీ తెలుగే. కాబట్టి దూరానికి భాష ఒక్కటే కారణం కాదని గమనించండి.

చట్టం, నమ్మకం

1956 పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకంపై ప్రాంతీయ మండలి నియంత్రణను ప్రతిపాదించింది. ఆ ఒప్పందంలోని రక్షణలు, ముఖ్యంగా ఉద్యోగాలకు సంబంధించినవి, అమలు కాలేదన్న అసంతృప్తి 1969 ఉద్యమానికి దారితీసింది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇస్తుంది. పొరుగువారి నమ్మకాన్ని మాత్రం ఏ అధికరణమూ ఇవ్వలేదు. అది ఒకే బడిలో చదివిన పిల్లల వల్ల, ఒకే కాలువ నీటిని వంతులవారీగా పంచుకోవడం వల్ల నెమ్మదిగా ఏర్పడుతుంది.

ఆలోచించండి

క్యాంపులో పుట్టిన మూడో తరం వ్యక్తి స్థానికుడా, వలసదారుడా? భూమి కొన్నవారి వైపు నుంచి ఒకసారి, అమ్ముకున్నవారి వైపు నుంచి మరోసారి సమాధానం రాయండి. రెండింటికీ చోటిచ్చినప్పుడే మీ చరిత్ర రచన సమగ్రమవుతుంది.